రాని రోజుల జీతం

సంక్రాంతి వెళ్లిన మూడోనాడు రాత్రి పదిన్నర దాటాక మా ఇంట్లో టెలిఫోను మోగింది. ఆ వేళప్పుడు మోగితే ముందు గుండె గతుక్కుమంటుంది, తర్వాత గాని చెయ్యి దానిమీదికి పోదు. పిలిచింది నా పాత శిష్యుడు. ఇక్కడ రాజంపేటలో నా దగ్గర డిగ్రీ చదివి, పై చదువుకని ఇంగ్లండు వెళ్లిన కుర్రవాడు.

"బాగున్నావా నాయనా? అమ్మావాళ్లతో మాట్లాడావా?"

"మాట్లాడినా సార్. మిమ్మల్ని ఒక లెక్క అడగల్ల."

లెక్క! నేను తెలుగు మాష్టరునన్న సంగతి వాడు మరిచిపోయినట్టున్నాడు. గురులఘువులు గుణించమంటే గుణిస్తాను, యతి ఎక్కడ తప్పిందో పట్టుకుంటాను. అంతకుమించి లెక్కల జోలికి పోయినవాణ్ణి కాను. ఆ మాటే అన్నాను.

"లెక్క గాదు సార్, మాట. మాటకు అర్థం చెప్పండి చాలు" అన్నాడు.

కథ ఇదీ. చదువుకుంటూనే ఒక అంగడిలో కొద్ది గంటల పనికి కుదిరాడు. చదువుకునే రోజుల్లో విద్యార్థులు వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదని అక్కడి వీసా నిబంధన. వీడు జూన్ చివర చేరాడు, డిసెంబరు చివర మానుకున్నాడు. ఒక వారం పన్నెండు గంటలు, ఇంకో వారం పంతొమ్మిది, పరీక్షలప్పుడు ఆరేడు. అంగడివాళ్లు ఎప్పుడు రమ్మంటే అప్పుడు. మానుకున్న తర్వాత తోటి పనివాడొకడు, "నీకు రావలసిన సెలవు జీతం తీసుకున్నావా?" అని అడిగాడట. వీడు వెళ్లి అడిగితే, "అరపూట పనివాళ్లకు సెలవేమిటి?" అని అంగడి పెద్ద నవ్వేశాడట.

"సార్, నేను రాని రోజులకు వాళ్లు దుడ్లు ఎందుకియ్యల్ల? అడిగితే మర్యాదగా ఉంటాదా?"

ఈ ప్రశ్న నన్ను మూడు రాత్రులు కూర్చోబెట్టింది. అక్కడి ప్రభుత్వంవారు సామాన్యులకోసం అచ్చు వేసిన వివరాలన్నీ తెప్పించుకొని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. చదివినకొద్దీ తెలిసింది, కుర్రవాడు అన్నది నిజమే. ఇది లెక్కకన్న ముందు మాట.

మన 'సెలవు'నే చూడండి. పెద్దలను సెలవు అడిగి బయలుదేరుతాం. ఏమి సెలవు అంటాం, అంటే ఏమి ఆజ్ఞ అని. బడికి సెలవు అంటాం. పొరుగున తమిళంలో ఇదే చప్పుడున్న మాటకు ఖర్చు అని అర్థం. జీతమిచ్చేవారందరూ లోలోపల తమిళ అర్థమే చెప్పుకుంటారని నా అనుమానం. ఇక 'జీతం' ఉన్నదే, అది 'జీవితం' అన్న సంస్కృత పదానికి వికృతి. ప్రకృతి వికృతుల పాఠంలో ఏటా ఈ మాట చెబుతాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో ఒక మార్కు తెచ్చుకుంటారు, అంతటితో సరి. నేనూ అంతటితోనే సరిపెట్టుకుంటూ వచ్చాను.

ఇంగ్లండు లెక్క మొదట చెబుతాను. బ్రిటనులో 1998లో పనివేళల నిబంధనలు వచ్చాయి. జీతంతో కూడిన సెలవు మొదట ఏడాదికి 3 వారాలు, 1999లో 4 వారాలు, 2007లో 4.8, 2009 ఏప్రిల్ నుంచి 5.6 వారాలు. అక్కడి బ్యాంకు సెలవులను కూడా ఇందులోనే కలిపి ఇయ్యవచ్చు గనుక మరీ కళ్లు పెద్దవి చేసుకోనక్కరలేదు. అసలు సంగతి ఏమిటంటే, ఇది నిండుపూట పనివాడికి ఎంత హక్కో అరపూట పనివాడికీ అంతే హక్కు. గంటలు తగ్గితే సెలవు గంటలు ఆ మేరకు తగ్గుతాయి గాని, హక్కు ఎగిరిపోదు. ఉద్యోగంలో ఉండగా ఆ సెలవును అమ్ముకోవడానికి వీల్లేదు, వాడుకోవలసిందే. ఉద్యోగం మానుకున్ననాడు మాత్రం వాడుకోని సెలవుకు డబ్బు ఇచ్చి తీరాలి.

వేళలు నిలకడగా లేనివారికి 2024 ఏప్రిల్ తర్వాత మొదలైన సెలవు సంవత్సరాల నుంచి ఒక సూత్రం పెట్టారు. ఏడాదికి 52 వారాలు. అందులో సెలవు 5.6 తీసేస్తే పనివారాలు 46.4. ఐదున్నర చిల్లరను నలభైయారు చిల్లరతో భాగిస్తే నూటికి 12.07 వస్తుంది. అంటే నూరు గంటలు పనిచేసినవాడి వెనుక పన్నెండు గంటల నాలుగు నిమిషాల సెలవు, వాడికి తెలియకుండానే, నీడలాగా నడిచి వస్తూ ఉంటుంది. మా కుర్రవాడు మొత్తం 430 గంటలు పనిచేశాడు. దానికి 12.07 చొప్పున 51.9, అరగంట దాటితే గంటగా పట్టుకోవచ్చు గనుక 52 గంటలు. మధ్యలో ఒంట్లో బాగాలేదని కాదు, స్నేహితుడి పెండ్లికని జీతంతో రెండు రోజులు, 16 గంటలు, సెలవు ఇచ్చారట. పాపం, ఆ రెండు రోజులూ అంగడి పెద్ద దయ అనుకున్నాడు వీడు! అవి పోగా మిగిలింది 36 గంటలు. వాడి కూలి గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలు. 21 ఏళ్లు నిండినవారికి 2025 ఏప్రిల్ నుంచి అక్కడ పెట్టిన కనీసపు కూలి అదే. మొత్తం 439 పౌండ్ల 56 పెన్నీలు. మన రూపాయల్లో సుమారు యాభైవేలు.

ఒక మెలిక ఉంది. కొందరు యజమానులు ఈ 12.07ను ఏ నెలకు ఆ నెల జీతంతోనే కలిపి ఇచ్చేస్తారు. అట్లా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది, కాని జీతపు చీటీలో దాన్ని వేరే పద్దుగా చూపాలి. "చీటీలన్నీ తీసి చూడు నాయనా, అట్లాంటి పద్దు ఉందా?" అన్నాను. లేదన్నాడు. "అయితే మర్యాదగానే అడుగు. కాగితంమీద రాసి అడుగు. ఇయ్యకపోతే అకాస్ అని రాజీ కుదిర్చే సంస్థ ఉంది, ముందు అక్కడికి పోవాలి, ఆ తర్వాతే ట్రిబ్యునలు. గడువు కొద్ది నెలలే సుమా, కూర్చోకు" అని చెప్పాను.

ఈ లెక్క చదువుతూ ఉండగా నాకొక సాటి ఉపాధ్యాయురాలు తటస్థపడింది. పేరు లెస్లీ బ్రేజెల్. బెడ్‌ఫర్డులో ఆడపిల్లల బడిలో శాక్సఫోను, క్లారినెట్టు నేర్పే సంగీతం టీచరు. బడి నడిచే రోజుల్లోనే, అదీ గంటల లెక్కన పని. ఏడాదిలో 32 నుంచి 35 వారాలు. 2011 నుంచి బడివారు ఆమెకు సెలవు జీతం ఇదే 12.07 చొప్పున లెక్కగట్టసాగారు. ఆమె ఒప్పుకోలేదు. చట్టంలో 5.6 వారాలని ఉంది, ఆ వారాల జీతం నా సగటు వారపు జీతాన్ని బట్టి కట్టాలి, 12.07 అన్న అంకె చట్టంలో ఎక్కడుంది అని అడిగింది. నిజంగానే అప్పటికి లేదు. మొదటి మెట్టులో ఓడిపోయింది. ఆ పైన ప్రతి మెట్టులోనూ గెలుస్తూ 2022 జూలై 20న సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. ఆమె చెప్పిన పద్ధతిలో 32 వారాల పనివారికి సెలవు జీతం నూటికి 17.5 దాకా పోతుంది. ఆ తర్వాతనే ప్రభుత్వం నిబంధనలు మార్చి, వేళలు నిలకడలేనివారికి, ఏడాదిలో కొంతకాలమే పని ఉండేవారికి 12.07ను చట్టంలోకి ఎక్కించింది. ఆమె గెలిచిన లెక్క అంతటితో వెనక్కి పోయిందనుకోండి. అయినా క్లారినెట్టు నేర్పే టీచరు ఒకామె దేశపు లెక్కనంతా కదిలించిందంటే నాకెందుకో ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

పట్టకపోవడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ల కిందట నేనూ గంటల లెక్కన పాఠం చెప్పినవాణ్ణే. ఏ కాలేజీ అని అడగకండి. జూన్ నుంచి మార్చి దాకా వారానికి పద్నాలుగు గంటలు. జీతం, చెప్పిన గంటలకే. దసరాకు లేదు, సంక్రాంతికి లేదు. ఏప్రిల్‌లో చివరి పాఠం చెప్పి, ఎండాకాలం గడిచేదెట్లా అని సంకోచిస్తూ కరస్పాండెంటుగారి గదిలో నిలబడ్డాను. ఆయన మంచివారే, మజ్జిగ ఇప్పించారు. "పనిలేని రోజులకు జీతం ఏమిటి మాష్టారూ?" అన్నారు. ఆ వాక్యం నాకు న్యాయంగానే తోచింది. మజ్జిగ తాగి వచ్చేశాను. మళ్లీ ఆ కాలేజీ మెట్లెక్కలేదు. నా శిష్యుడు ఇప్పుడు సముద్రాల అవతల నుంచి అడిగిన ప్రశ్నా, ఆనాడు కరస్పాండెంటుగారు వేసిన ప్రశ్నా ఒకటే గదా!

మన దేశంలో ఈ సంగతి ఎవరికీ తెలియదని కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు. అంతేకాదు, మధ్యలో మానుకుంటే ఆ 240 నిండకపోయినా సరే, చేసిన రోజులకు తగ్గ సెలవుకు డబ్బు ఇవ్వాలని అందులోనే రాశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో ఆ 240 కాస్తా 180 అయింది. అంగళ్లకు వేరే చట్టం. మన రాష్ట్రపు 1988 నాటి దుకాణాల, సంస్థల చట్టం ప్రకారం పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవారికి 15 రోజుల సెలవు. కాకపోతే, ఉద్యోగం తానే మానుకునేవాడికి ఆ సెలవు డబ్బు కావాలంటే, ముందు సెలవు అడిగి ఉండాలి, యజమాని కాదని ఉండాలి. అడగనివాడి సంగతి అంతే. మా ఊరి బట్టల అంగళ్లలో సాయంకాలాలు చీరలు మడతపెట్టే ఆడపిల్లలు నా తరగతిలోనే ముగ్గురున్నారు. ఆ మూడో రాత్రి వాళ్లు గుర్తొచ్చి, రేపు తరగతిలో చెప్పాలి అని కాగితంమీద రాసుకున్నాను. పరోపకారంలో ఒక మత్తు ఉంటుంది చూశారూ, ఆ మత్తులో హాయిగా నిద్రపోయాను.

తెల్లవారింది. మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, వాకిట నీళ్లు చల్లే ఆమె పని ముగించుకుని, చీర కుచ్చిళ్లకు చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఈ నెలాఖరుకు నేను మానుకుంటాండా. కువైట్‌కు పోతాండా."

మా వైపు ఊళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. రాజంపేట, కోడూరు, రాయచోటి, ఏ వీధిలో చూసినా కువైట్ డబ్బుతో లేచిన మిద్దె ఒకటైనా ఉంటుంది. ఆ మిద్దెకు తాళం కూడా ఉంటుంది. కాబట్టి ఆమె మాటకు మేము ఆశ్చర్యపోలేదు. మా శ్రీమతి మాత్రం నొచ్చుకుంది. "ఉన్నట్టుండి చెబితే ఎట్లా అక్కా?" అన్నది. తర్వాత నావైపు తిరిగి, "నెల జీతం 1,800. ఈ నెల నాగాలు మూడు. రెండు వదిలేస్తాంగదా, ఒకటి పోతే 1,740. పండక్కు చీర పెట్టాం. ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

ఇంకేమైనా ఉందా! రాత్రి ఒంటిగంట దాకా దీనిమీదనే గదా నేను పండితుడనైంది. నోట్లో కాఫీ చల్లారిపోయింది.

"ఉందేమో చూస్తాను" అన్నాను.

నాగా అన్న మాట ఉర్దూలోంచి వచ్చింది. రాయలసీమలో ఇంటింటా ఉంది. మా తాతగారి కాలంలో జీతగాణ్ణి ఉగాదికి కుదుర్చుకునేవారు. ఏడాది పొడుగునా వాడు రాని రోజులు లెక్కవేసి, ఏడు గడిచాక అన్ని రోజులూ ఊరకే పని చేయించుకునేవారు. నాగా తీర్చడం అంటే అదీ. ఆ లెక్క గోడమీద బొగ్గుగీతల్లో ఉండేది. మా ఇంట్లో గోడకు రంగు వేశాం గనుక క్యాలెండరు పేజీలలో ఉంటుంది. తిథులు, రాహుకాలాలు అచ్చువేసిన చోట, ఆమె రాని రోజున పెన్సిలుతో సున్నా. మా శ్రీమతి ఏ కాగితమూ పారవెయ్యదు. బీరువా వెనకాల వెతికితే ఐదేళ్ల క్యాలెండర్లూ చుట్టలు చుట్టి దొరికాయి.

ఆమె మా ఇంటికి వచ్చింది 2021 ఉగాదినాడు, ఏప్రిల్ 13. జనవరి నెలాఖరుకు 1,755 రోజులు. సున్నాలన్నీ లెక్కపెట్టాను, 168. ఆమె వచ్చిన రోజులు 1,587. ఫ్యాక్టరీ లెక్కన ఇరవైకి ఒకటి చొప్పున 79 రోజుల చిల్లర. సగానికి తక్కువైన చిల్లరను వదిలేయమని చట్టమే చెప్పింది. రోజుకు 60 రూపాయల చొప్పున 4,740.

"ఇదేమిటండీ కొత్తగా? నెలకు రెండు నాగాలు వదిలేశాం గదా. అది సెలవు కాదూ?" అన్నది మా శ్రీమతి.

గట్టి ప్రశ్నే. ఇంగ్లండు కుర్రవాడి 52 గంటల్లోంచి 16 గంటలు తీసేసినట్టు ఇందులోంచీ తియ్యాలి గదా. నేను కొంచెంసేపు తడబడ్డాను. తర్వాత అడిగాను: "నీ తమ్ముడు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు గదా, వాడికి ఆదివారాలు పనికి పోని రోజులా, సెలవు ఖాతాలో తీసేసే రోజులా?"

"ఆదివారం ఆదివారమే. సెలవు వేరు."

"ఈమెకు ఆదివారం ఉందా?"

మా శ్రీమతి మాట్లాడలేదు. నెలకు నాలుగు ఆదివారాలు. మేము వదిలిన నాగాలు రెండు. వారానికొక విశ్రాంతి అన్న లెక్కకే అవి చాలలేదు, సెలవులోంచి తీసే మాట తర్వాత సంగతి. ఆమె అంట్లగిన్నెల శబ్దంతోనే మా ఇంట్లో ఆదివారమూ తెల్లవారేది. ఆ రోజు ఇంకా ఎక్కువ గిన్నెలు.

నిజం చెప్పాలి గనుక ఇదీ చెబుతున్నాను. ఫ్యాక్టరీ చట్టంలోనూ సెలవును ఏడాదినుంచి ఏడాదికి మోసుకుపోవడానికి 30 రోజుల హద్దు ఉంది. అడిగినా ఇయ్యని సెలవుకు మాత్రమే ఆ హద్దు లేదు. ఈమె మమ్మల్ని ఏనాడూ సెలవు అడగలేదు, మేము కాదనలేదు. అడగవచ్చునని ఆమెకు ఎవరు చెప్పారు గనుక? ఇంతా చేస్తే ఆ చట్టం మా వంటింటిలోకి రాదు. ఇళ్లలో పనిచేసేవారికి జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే చట్టం మనకింకా లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపనివారికి ఒక చట్టం చేసే సంగతి ఆలోచించండని కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. అంచేత ఆ 4,740 రూపాయలు ఏ కోర్టూ నాచేత కట్టించలేదు. 1,740తో పంపినా నన్నెవరూ అడగరు. ఇరవై ఏళ్ల కిందట ఆ కరస్పాండెంటుగారినీ ఎవరూ అడగలేదు.

సున్నాలు లెక్కపెడుతూ ఉండగా 2021 నవంబరు పేజీ దగ్గర ఆగిపోయాను. వరుసగా తొమ్మిది సున్నాలు. 19వ తేదీ నుంచి.

ఆ తేదీ మా ప్రాంతం వారెవరూ మరువరు. ఆ తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట మీదుగా నీళ్లు పోయాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు, ఇండ్లు ఇసుకమేటల కింద పడ్డాయి. ఈమె చెల్లెలి ఇల్లు చెయ్యేటి ఒడ్డునే. మనుషులు దక్కారు, ఇల్లు దక్కలేదు, గొడ్లు దక్కలేదు. చెల్లెలి పిల్లలను తెచ్చుకుని తన ఇంట్లో పెట్టుకుని, ఇంట్లోని ఇసుక తవ్విపోసి, పదోనాడు పనికి వచ్చింది. ఆ రోజు ఆమెకు మా శ్రీమతి పాత దుప్పట్లు, బియ్యం ఇచ్చిన సంగతి నాకు బాగా గుర్తుంది. ఎంతైనా మంచిపనులు మనకు బాగా గుర్తుంటాయి. ఆ పేజీ అడుగున మాత్రం 'నాగా 9, రెండు పోను 7, 280 తక్కువ' అని రాసి ఉంది. అప్పటి జీతం 1,200, రోజుకు 40. లెక్క తప్పు లేదు.

ఆ చేతివ్రాత నాది.

ఆ 280 కూడా కలిపాను. చట్టంలో దానికి పేరు లేదు. 4,740కి 280 కలిపి, నెల జీతంలో కోత లేకుండా 1,800 కలిపితే 6,820 అయింది. నెలాఖరున ఆమె చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టుకుంది. నోట్ల లెక్కలో నాకంటె గట్టిది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఇదేంది సార్, ఇనామా? ఇంత ఎందుకు?"

"ఇనాము కాదక్కా. నీ సెలవు జీతం."

"నేను సెలవు తీసుకోలేదే!"

"తీసుకోలేదు గనుకనే."

ఆమెకు అర్థం కాలేదు. నేను మాష్టరు వేషం వేసుకుని ఇరవై రోజులకు ఒకటి అని వివరించబోయాను. ఆమె మధ్యలోనే, "వానలప్పుడు గూడా నాగానే గదా సార్ అది" అన్నది. అంటే ఆ 280 ఆమెకూ గుర్తుందన్నమాట. ఈ నాలుగేళ్లలో ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత కువైట్ సంగతి మాట్లాడుకున్నాం. నేను అప్పటికే కొంత చదివి పెట్టుకున్నాను. ఆ దేశంలో ఇంటిపనివారికోసం 2015లో 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒకరోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. ఒప్పందం ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దీనార్లని నిర్ణయించారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదని కూడా ఆ చట్టంలో ఉంది. ఉన్నదంతా జరుగుతుందని కాదు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకునే ఇండ్లు, సెలవు మాటెత్తనివ్వని ఇండ్లు అక్కడ ఎన్నో ఉన్నాయని తిరిగివచ్చినవారు మా వీధిలోనే చెబుతారు. అయినా కాగితంమీద చూస్తే, మా వంటింట్లో ఆమెకు లేని హక్కు ఎడారి అవతలి వంటింట్లో ఉంది. ఇది చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉన్న సంగతులు మటుకు ఒక్కొక్కటిగా చెప్పాను. ఊరి ఏజెంటు మాట నమ్మవద్దని, ప్రభుత్వం అనుమతించిన దారినే పొమ్మని, ఒప్పందం కాగితం నకలు ఇంట్లో కూతురి దగ్గర పెట్టమని చెప్పాను.

"ముప్పై దినాలు సెలవా సార్? జీతం ఇచ్చి?"

"కాగితం మీద అంతే ఉంది. తీసుకోనివ్వకపోతే, వచ్చేటప్పుడు ఆ రోజుల డబ్బు అడగాలి."

"నేను యాడ లెక్క పెట్టుకునేది? రాయను రాదు గదా."

అంకెలు గుర్తుపడుతుంది, అక్షరాలు రావు. మా శ్రీమతి లోపలికి వెళ్లింది. గోడమీది కొత్త క్యాలెండరు, ఇంకా జనవరి పేజీయే వెయ్యలేదు, మేకు నుంచి తీసి పట్టుకొచ్చింది. "సున్నా పెట్టడం తెలుసు గదా అక్కా. ఇన్నాళ్లూ నేను పెడుతూంటే చూశావు. నువ్వు పనిచెయ్యని రోజున సున్నా. చేసిన రోజున ఊరకే ఉంచు" అన్నది.

ఆమె క్యాలెండరు అందుకుని ఒకసారి పేజీలన్నీ తిప్పి చూసింది. "పెన్సిలు అక్కడ దొరుకుతుందో లేదో సార్" అన్నది నాతో. జేబులో ఉన్నది ఇచ్చాను.

ఇంగ్లండు నుంచి నిన్న ఉత్తరం లాంటి సందేశం వచ్చింది. అంగడివాళ్లు పన్ను పట్టుకుని మిగతాది వాడి ఖాతాలో వేశారట. 'మీరు చెప్పిన అంకెకు పెన్నీ తేడా లేదు సార్' అని రాశాడు. మా గోడమీద మేకు ఒక్కటే ఉంది. కొత్త క్యాలెండరు కొనాలి. ఆమె చోట ఆమె కోడలు వస్తానన్నది, ఒకటో తేదీ నుంచి. ఆదివారం రావద్దని మా శ్రీమతి ముందే చెప్పిందట. మొన్న ఆదివారం అంట్లు ఎవరు తోమారన్నది ఈ పత్రికలో రాసే సంగతి కాదు.